హీరోకి బ్లడ్ క్యాన్సర్ పెట్టే ముందు

ఈసారి కథకుల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే దారి పట్టాయి: ప్రేమ, జబ్బు, కన్నీళ్లు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం. శిల్పం గురించి తక్కువ మాట్లాడి, వార్డులో ఏ రోజు ఏం జరుగుతుందో ఎక్కువ చెప్పాం. ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామందికి వాక్యం బాగానే వచ్చు, తేదీలే తప్పుతున్నాయి.

ప్రశ్న: నా కథలో హీరోకి 24 ఏళ్లు. పెళ్లిపీటల మీద దగ్గి, రుమాల్లో రక్తం చూసుకుంటాడు. బ్లడ్ క్యాన్సర్ అనీ, మూడు నెలలకు మించి బతకడనీ డాక్టర్ చెబుతాడు. నమ్మేలా ఉందా? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రుమాల్లో రక్తం క్షయకో, గుండె కవాటం ఇరుకైన జబ్బుకో నప్పుతుంది. బ్లడ్ క్యాన్సర్‌లో రక్తం సాధారణంగా వేరేచోట కనిపిస్తుంది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి వస్తుంది. ముక్కు నుంచి కారితే ఓ పట్టాన ఆగదు. ఆడపిల్లకైతే నెలసరి పది రోజులైనా తగ్గదు. పిక్కల మీద వేలితో నొక్కినా మాయం కాని ఎర్రచుక్కలు వస్తాయి. ఎక్కడా తగలకుండానే తొడ మీద నల్లగా కమిలిన మచ్చ కనిపిస్తుంది. పెళ్లిపీటలు మీకు అంత ముఖ్యమైతే, మంగళస్నానం చేయించేటప్పుడు మేనత్త ఆ మచ్చ చూసి 'ఎక్కడ పడ్డావురా?' అని అడగనివ్వండి. రుమాలు అక్కర్లేదు.

'బ్లడ్ క్యాన్సర్' అని రాసి ఊరుకోవద్దు. పాఠకుడికి చెప్పకపోయినా, ఏ రకమో మీకు తెలిసుండాలి. 24 ఏళ్లవాడు రెండు మూడు వారాల్లో కూలబడ్డాడంటే అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనుకుందాం, ఆస్పత్రి భాషలో ఏఎమ్ఎల్. ఇందులో ఏ డాక్టరూ మూడు నెలలు గడువిచ్చి ఇంటికి పంపడు. 'ఇవాళే చేరండి' అంటాడు. వైద్యం మొదలుపెట్టకపోతే వారాల్లో పోవచ్చు. మొదలుపెడితే ఆ వయసువాళ్లలో సగానికి పైగా మొదటి విడత తర్వాత జబ్బు కంటికి ఆనని స్థితికి వస్తారు. తిరగబెట్టే భయం ఆ తర్వాతి సంగతి. గడువు మీద నిలబెట్టిన మీ కథను తొందర మీదికి మార్చుకోండి, పెళ్లి సీను దానంతటదే బిగుసుకుంటుంది.

మొదటి నెల ఇలా నడుస్తుంది. మెడ దగ్గరో చేతిలోనో సెంట్రల్ లైన్, అంటే పెద్ద సిరలోకి వెళ్లే గొట్టం, వేస్తారు. ఏడు రోజులు సైటరబిన్ అనే కీమో మందు రాత్రింబవళ్లు ఎక్కుతుంది, అందులో మూడు రోజులు డానోరూబిసిన్ కూడా కలుస్తుంది. ఈ రెండోది ఎర్రగా ఉంటుంది, వార్డులో 'ఎర్ర మందు' అంటే అందరికీ అర్థమవుతుంది. మూత్రం కూడా ఎర్రబడుతుంది. ముందే చెప్పకపోతే రోగి హడలిపోతాడు. మందు అయిపోగానే ఇంటికి పంపుతారని చుట్టాలు అనుకుంటారు. అసలు కష్టం అక్కడే మొదలు. రెండో వారంలో రక్తకణాల కౌంట్ అడుగంటుతుంది. నోరంతా పుండ్లు పడి మజ్జిగన్నం కూడా దిగదు. జ్వరం 101 ఒక్కసారి తగిలినా, 100.4 గంటసేపు నిలిచినా, గంటలోపు యాంటీబయాటిక్ పడాల్సిందే. రెండు మూడు వారాల మధ్య జుట్టు దిండుకు అంటుకుని వచ్చేస్తుంది. మీరు మొదటి కీమో మర్నాడే గుండు చూపించారు, అది కుదరదు. కౌంట్ లేవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా హీరోయిన్ గులాబీలు పట్టుకొస్తే నర్సు గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. జడలో మల్లెపూలున్నా తీసేసి రమ్మంటుంది.

ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉంటాయి. 10 వేల కిందికి దిగితే ఎక్కించాలి. అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి ముందే తెచ్చి దాచుకోవడం సాగదు. ఒకే దాత నుంచి మిషన్ మీద తీయాలంటే గంట, గంటన్నర పడుతుంది. ఆ దాత కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసే పని హీరోయిన్‌కి ఇవ్వండి. తమ్ముడు పక్క మంచం మీద పడుకుని అన్నకు రక్తమిచ్చే పాత సన్నివేశం మాత్రం తీసేయండి. మూలకణాల మార్పిడి (బోన్‌మ్యారో మార్పిడి) చేయాల్సి వచ్చేలా ఉంటే రక్తసంబంధీకుల రక్తం ముందుగా ఎక్కించరు. ఒంటికి వాళ్ల కణాలు ముందే పరిచయమైతే, తర్వాత వాటి మీదే తిరగబడుతుంది. ఒక్కో తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ప్రియురాలు సరిపోవడం దాదాపు జరగని పని. మార్పిడి నిలబడితే కొన్ని నెలల్లో రోగి బ్లడ్ గ్రూపు దాత గ్రూపుగా మారిపోతుంది. చెల్లెలి గ్రూపుతో తిరిగే అన్న, మా దగ్గరికొచ్చిన కథల్లో ఒక్కదాంట్లోనూ కనిపించలేదు.

ఇంకొకటి. కీమో మొదలయ్యే ముందు డాక్టర్ ఆ కుర్రాడిని 'పెళ్లయిందా? తర్వాత పిల్లలు కావాలనుకుంటే ఇవాళే వీర్యం భద్రపరచాలి' అని అడుగుతాడు. పక్కనే నాన్న నిలబడి ఉంటాడు. అది ఒక్కరోజులో అయ్యే పని. అదే జబ్బు అమ్మాయికొస్తే అండాలు తీయడానికి దాదాపు రెండు వారాల ఇంజెక్షన్లు కావాలి, అక్యూట్ ల్యుకేమియా అంతసేపు ఆగదు. మీ కథలో ఏడుపు పుట్టే చోటు ఇదీ. పెళ్లిపీటల కంటే ముందు దీన్ని రాయండి.

ప్రశ్న: హీరో తన జబ్బు దాచి, తాగుబోతులా నటించి, హీరోయిన్ తనను అసహ్యించుకునేలా చేస్తాడు. ఆమె వేరే పెళ్లి చేసుకున్నాక నిజం తెలుస్తుంది. పాత సరుకు అని తిప్పి పంపారు. బాగుచేసే దారి ఉందా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పాతదనం ఒక్కటే ఇబ్బంది కాదు, దాచడం ఈ కాలంలో ఆచరణకు రాదు. క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు కనిపించేంత పెద్దదిగానే ఉంటుంది. మందుల చీటీ ఫోటో తీసి ఫోన్‌లో వెతికితే పది సెకన్లలో గుట్టు రట్టు. ఆరోగ్యశ్రీ కింద కేసు నమోదు చేయాలంటే ఇంట్లో ఎవరో ఒకరు కౌంటర్ చుట్టూ తిరగాలి. ఆపైన, కీమోలో ఉన్నవాడికి తాగిన వాసన కాదు గదా, పోపు వాసన పడితేనే డోకు వస్తుంది. ఎన్నాళ్లు నటిస్తాడు?

తిరగేసి రాయండి. మన ఇళ్లలో నిజంగా జరిగేది తలకిందులుగా ఉంటుంది. రోగికి తప్ప అందరికీ తెలుసు. 'ఆయనకి చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు' అని బావమరిది గదిలోకి ముందుగా వెళ్లి చెప్పి వస్తాడు. కీమో సమ్మతి పత్రం మీద సంతకం మాత్రం రోగిదే. ఆ కాగితాన్ని 'రక్తం ఎక్కించడానికి' అని చెప్పి భార్యే సంతకం చేయిస్తుంది. అతను చదివేశాడు, కానీ ఆమెకు తెలియనివ్వడు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు అబద్ధమాడుతూ కాలం గడుపుతారు. ఇందులో విలన్ అక్కర్లేదు, వేరే పెళ్లి అక్కర్లేదు. ఈ నాటకం కీమో రెండో సైకిల్ (విడత) దాకా, మహా అయితే మూడో సైకిల్ దాకా సాగించండి. అంతకు మించితే ఇద్దరూ తెలివితక్కువవాళ్లలా కనిపిస్తారు.

ప్రశ్న: కథ ఉద్దానంలో జరుగుతుంది. హీరోయిన్‌కి రెండు కిడ్నీలూ పాడవుతాయి. ప్రేమించినవాడు పేరు చెప్పకుండా కిడ్నీ ఇచ్చి దేశాంతరం వెళ్లిపోతాడు. డయాలసిస్ వివరాలు కూడా కావాలి. — ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: పేరు చెప్పకుండా ఇవ్వడం చట్టం ఒప్పదు. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బతికున్న దాత దగ్గరి బంధువై ఉండాలి: తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు. 2011 సవరణతో తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు చేరారు. ప్రేమికుడు ఈ జాబితాలో లేడు. అతను ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ ముందు కూర్చుని, డబ్బు కోసం కాదు, ఆపేక్షతోనే ఇస్తున్నానని రుజువు చేసుకోవాలి. 'నీకు ఈమె ఏమవుతుంది?' అని అడుగుతారు, జవాబు వీడియోలో రికార్డవుతుంది. డబ్బు చేతులు మారిందని తేలితే 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. ఊళ్లో ఎవరికీ చెప్పని ప్రేమను మొదటిసారి ఒక ప్రభుత్వ కమిటీ ముందు, కెమెరా ముందు ఒప్పుకోవాల్సి రావడం మీరు రాసిన దేశాంతరం కంటే ఎంతో మేలైన సన్నివేశం.

పెళ్లి చేసుకుంటే భర్తగా ఇవ్వొచ్చు కదా అనుకుంటే అక్కడో ముడి ఉంది. అతని బిడ్డను మోసిన భార్య ఒంట్లో కొన్నిసార్లు భర్త కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉంటాయి, బిడ్డలో సగం తండ్రిదే కాబట్టి. అలాంటప్పుడు దాత కణాలు పడతాయో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలో 'పనికిరాదు' అని వస్తుంది. భర్త ఎంత ఇస్తానన్నా, తమ బిడ్డే అడ్డమైనట్టు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న జంట మీద కథ రాసేవాళ్లకి ఇంతకంటే కఠినమైన మలుపు ఊహించి పెట్టినా దొరకదు.

ఉద్దానం సంగతి: కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కొబ్బరి, జీడి తోటల మధ్య ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. కాబట్టి మీ కథలో డాక్టర్ చేత 'నీళ్ల వల్ల' అని తీర్పు చెప్పించొద్దు. తొలి దశలో నొప్పి ఉండదు, వాపు కూడా ఉండకపోవచ్చు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది. పెళ్లిచూపులకు ముందు రెండు వైపులవాళ్లూ గుట్టుగా ఆ పరీక్ష చేయించుకోవడం అక్కడ కథలోకి సహజంగా వచ్చే విషయం. 2023 చివర్లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అంతకు ముందు జరిగే కథైతే డయాలసిస్‌కి హీరోయిన్‌ను ఆ ఆస్పత్రికి పంపొద్దు.

ఇక డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేస్తారు. అది ముదరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఈలోగా మెడలో గొట్టంతో నెట్టుకురావాలి. ముదిరాక ఆ చోట వేళ్లు పెడితే ఝుమ్మని తెలుస్తుంది. రోజూ తాకి చూసుకోవాలి. ఆ కదలిక ఆగిందంటే గడ్డ కట్టినట్టు, తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరాలి. ఆ చేతికి బిగుతైన గాజులు, బీపీ పట్టీ, బరువైన బిందె పనికిరావు, ఆ చేతి మీద పడుకోకూడదు. మీ హీరో ఆమె చేయి పట్టుకునే సన్నివేశం ఉంటే ఏ చేయో ముందు తేల్చుకోండి.

నీళ్లు కొలిచి తాగాలి. నిన్న ఎంత మూత్రం వచ్చిందో అంత, పైన అర లీటరు, అంతే. అందులోనే చారు, మజ్జిగ, కాఫీ లెక్క. కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత పోతుంది. అరటిపండు, కొబ్బరినీళ్లు ప్రమాదం. ఇల్లంతా కొబ్బరితోట, ఆమెకు బోండాం నిషిద్ధం. సోమ, బుధ, శుక్రవారాలు మిషన్ ఎక్కేవాళ్లకి శని, ఆదివారాలు రెండు రోజుల ఖాళీ వస్తుంది, వారం మొత్తంలో ముప్పు ఎక్కువున్న రోజులవే. ఆదివారం పెళ్లిభోజనంలో చనువుగా ఎవరో తాగించిన రెండు బోండాలు సోమవారం తెల్లవారుజామున గుండె ఆపేయగలవు. పొటాషియం ముందు చెప్పి రాదు. చావు అనివార్యమని మీరు అనుకుంటే, దోషం ఎవరి మీదా నెట్టలేని ఈ చావు రాయండి.

ప్రశ్న: 1948లో జరిగే క్షయ కథ. ప్రియుడు మదనపల్లె శానటోరియంలో ఉంటాడు, నాయిక దూరం నుంచి చూసి వెళ్తుంది. ఏ మందులు రాయాలి? — ఒక పాఠకుడు, పీలేరు

జవాబు: మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1910ల నుంచీ ఉంది, చోటు సరైనదే. అప్పటి వైద్యం ముప్పావు వంతు విశ్రాంతే. గాలి ఆడే వరండాలో మంచం, పూటపూటకూ జ్వరం పట్టిక, పాలు, గుడ్లు, మూతున్న కళ్లె డబ్బా. ఆపైన 'గాలి పెట్టడం': సూదితో ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి దాన్ని కుదించేవారు. ఆ గాలి ఇంకిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ నింపాలి, ఏళ్ల తరబడి. అదీ పనిచేయకపోతే పక్కటెముకలు కొన్ని కోసేసేవారు, మనిషి ఒక భుజం కిందికి వాలిపోయేది.

మీరు ఎంచుకున్న ఏడాది చాలా పదునైనది. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనిపెట్టారు, 1948 నాటికి డబ్బున్నవాళ్లకి దొరుకుతోంది. ఒంటరిగా వాడితే రెండు మూడు నెలలు అద్భుతం: జ్వరం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. ఆ తర్వాత క్రిమి మందుకు లొంగడం మానేస్తుంది. పొలం అమ్మి మందు తెప్పించిన నాయిక అతను కోలుకోవడం చూసి ముహూర్తం పెట్టించుకోవచ్చు, పాఠకుడికి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. ఆ మందుకు తల తిరుగుడు, చెవుడు కూడా వచ్చేవి. ఐసోనియాజిడ్ 1952లో గానీ రాలేదు.

విడిగా ఉంచడం గురించి ఒక మాట. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం 193 మంది రోగుల్ని ఇంట్లో కొందరిని, శానటోరియంలో కొందరిని పెట్టి ఏడాది పాటు మందులిచ్చింది. ఇంటి వైద్యం ఏమీ తీసిపోలేదని 1959లో, ఇంట్లోవాళ్లకి అంటుకునే ముప్పు అదనంగా పెరగలేదని 1960లో ప్రకటించారు. మీ కథను పన్నెండేళ్లు ముందుకు జరిపితే ఆ దూరం అక్కర్లేకుండా పోతుంది. పెద్దవాళ్లు మాత్రం ఇంకా ఒప్పుకోరు. 1948లోనే ఉంచితే దూరం తప్పనిది, 1960లో ఉంచితే దూరం అన్యాయం. రెండూ వేర్వేరు కథలు. ఒకటి ఎంచుకోండి.

ప్రశ్న: నాయికకు సీఎమ్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్. ఇప్పుడు మాత్రతో తగ్గుతోందట కదా, ఇంక ఏడిపించేదేముంది? — ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: చాలా ఉంది. 2001లో ఇమాటినిబ్ వచ్చాక ఇది రోజూ 400 మిల్లీగ్రాముల మాత్రతో, చాలామందికి ఏళ్ల తరబడి అదుపులో ఉండే జబ్బయింది. హైదరాబాద్‌లోని నాట్కో మందుల కంపెనీ 2003లో చవక మందు తేవడంతో మనవాళ్లకీ అందింది. అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, లేకపోతే వికారం. పొద్దున్నే కనురెప్పలు ఉబ్బుతాయి, ఆమె ఏడ్వకపోయినా రాత్రంతా ఏడ్చిందనుకుంటారు. మీ కథకు ఇది ఉచితంగా వచ్చిన వివరం. నెలకు మూడు నాలుగు మాత్రలు మానేసినా పట్టు తప్పొచ్చు.

చిక్కు గర్భం దగ్గర. ఈ మందు కడుపులో బిడ్డకు మంచిది కాదు. మూడు నెలలకోసారి రక్తం తీసి జబ్బు జాడ కొలిచే పీసీఆర్ పరీక్షలో జబ్బు బాగా అణగి, కనీసం రెండేళ్లు అలాగే నిలిస్తే, డాక్టర్ పర్యవేక్షణలో మందు ఆపి బిడ్డ కోసం ప్రయత్నిస్తారు. ఆపాక నెలనెలా పరీక్ష. ఇలా ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి తిరగబెడుతుంది, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. మళ్లీ మాత్ర మొదలుపెడితే చాలామందిలో అణుగుతుంది, కానీ అప్పటికి కడుపు నిలిచి ఉంటే? కథంతా ఈ ఆరు నెలల్లో పెట్టుకోండి. ఎవరూ చనిపోనక్కర్లేదు.

ప్రశ్న: చివరి సన్నివేశంలో హీరో ఆమె ఒడిలో తలపెట్టి ఎంతసేపు మాట్లాడొచ్చు? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రెండు పేజీలు మాట్లాడించారు. క్యాన్సర్‌తో పోయే మనిషి చివరి ఒకటి రెండు రోజుల్లో పూర్తి వాక్యం మాట్లాడడం అరుదు. నిద్ర పెరుగుతుంది. తిండి మీద ఆశ పోతుంది. దుప్పటి అంచులు పీకుతూ, ఎప్పుడో పోయినవాళ్లని పిలుస్తారు. గొంతులో గురగుర వినిపిస్తుంది. అది వినేవాళ్లని కలవరపెట్టినంతగా రోగిని బాధపెట్టదంటారు, పక్కకు తిప్పి పడుకోబెడితే కొంత తగ్గుతుంది. ఊపిరి జోరుగా సాగి, ఆగి, మళ్లీ మొదలవుతుంది. పాదాలు చల్లబడి, చర్మం మీద మచ్చలు మచ్చలుగా నీలం కమ్ముతుంది. మింగలేని మనిషి నోట్లో గ్లాసుతో నీళ్లు పోస్తే ఉక్కిరిబిక్కిరవుతాడు. తులసితీర్థమైనా పెదవులు తడిపేంతే. ఈ పని ఎలా చేయాలో నర్సు హీరోయిన్‌కి చూపించొచ్చు, దూది తడిపి.

'నొప్పితో విలవిల్లాడుతూ' అని నాలుగుసార్లు రాశారు. మార్ఫిన్ అనే మాత్ర ఉంది. నొప్పికి తగ్గట్టు 5 లేదా 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు గంటలకోసారి ఇస్తారు. దానికి తోడు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పనిసరి. హైదరాబాద్ ఎమ్ఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ విభాగం ఇలాంటి పనే చేస్తుంది. మార్ఫిన్ దొరకని ఊరు కాబట్టి నొప్పి ఉంది అంటే అది వేరే కథ, అప్పుడు మందు కోసం తిరగడమే కథ. దొరికే ఊళ్లో నొప్పిని అలంకారంగా వాడొద్దు.

ఆ రెండు పేజీల మాటలు పారేయక్కర్లేదు. రెండు వారాలు వెనక్కి జరిపి, అతను కూర్చోగలిగిన సాయంత్రం పెట్టండి. గ్యాస్ బుకింగ్ ఎవరి పేరు మీదికి మార్చాలి, బ్యాంకు నామినీ ఎవరు, స్కూటర్ కాగితాలు ఎక్కడున్నాయి అనే మాటల మధ్యలో. మీ డైలాగుల్లో సగం అప్పుడు మీరే కొట్టేస్తారు.

ప్రశ్న: ఇన్ని వైద్య వివరాలు రాస్తే కథ పాఠంలా అయిపోదా? — ఇద్దరు ముగ్గురు పాఠకులు

జవాబు: అవుతుంది, అన్నీ పేజీ మీద పెడితే. రోజువారీ పట్టిక పక్క కాగితం మీద రాసుకోండి: తేదీ, ఎన్నో రోజు, కౌంట్, బరువు, జుట్టు ఉందా లేదా, ఏం తినగలడు. కథలోకి అందులో పదో వంతు వస్తే చాలు. మందుల అసలు పేర్లు ఒకటి రెండు మించొద్దు, మిగతావి రోగులు పిలిచే పేర్లతోనే పిలవండి. పంపే ముందు ఆ వార్డులో పనిచేసే నర్సు ఎవరైనా తెలిసుంటే ఒక్కసారి చదివించండి. డాక్టర్లు జబ్బు పేరు సరిచూస్తారు. ఎన్నింటికి విజిటర్లను పంపేస్తారో, రాత్రి మంచం పక్కన ఎంతమందిని ఉండనిస్తారో, ఐసీయూలోకి చెప్పులతో రానిస్తారో లేదో నర్సుకే తెలుసు, కథల్లో ఎక్కువ తప్పులు దొర్లేదీ అక్కడే.